డెబ్బై మలుపులూ, రెండు బ్రేకు ప్యాడ్లూ

సేలంలో ఉండే మనవాళ్లలో కొల్లిమల చూడనివారు తక్కువ. వ్యాను మాట్లాడుకుని బంధువులందరితో వెళ్లినవారున్నారు, మొక్కు తీర్చుకోవడానికి అరపళీశ్వరుని గుడికి వెళ్లివచ్చేవారూ ఉన్నారు. కనుక ఆ కొండ అందాలు వర్ణించడానికి నేనీ నాలుగు మాటలు రాయడం లేదు. 2024 ఫిబ్రవరిలో ఒక శనివారం మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని మోటారు సైకిలు మీద ఆ కొండ ఎక్కాను. ఎక్కడం బాగానే ఎక్కాం. దిగడానికి మాత్రం ఒక రాత్రి ఆగవలసి వచ్చింది. ఎందుకు ఆగామో, మర్నాడు ఏం నేర్చుకుని దిగామో చెబితే, ఇంట్లో పాత బండి ఉన్నవారికి పనికొస్తుందని ఈ ప్రయత్నం.

దూరాన ఉన్న పాఠకుల కోసం రెండు మాటలు. కొల్లిమల తమిళనాడులో నామక్కల్ జిల్లాలో ఉంది. తూర్పు కనుమల్లోనిదే. బరంపురం వైపు పాఠకులు మహేంద్రగిరి చూసి ఉంటారు. ఆ కనుమలే ఆంధ్రదేశం దాటుకుని ఇంత దక్షిణానికి వచ్చి, ఇక్కడ వెయ్యి మీటర్లకు పైగా లేచి నిలబడ్డాయి. సంఘకాలపు తమిళులు పొగిడిన దాత, విలుకాడు వల్విల్ ఓరి ఏలిన సీమ ఇది. కొండ కింద కారవల్లి, పైన సోలక్కాడు. ఈ రెంటి మధ్య ఘాట్ రోడ్డులో సరిగ్గా డెబ్బై హెయిర్‌పిన్ మలుపులు. మలుపు మలుపుకూ అంకె వేసి ఉంటుంది.

ఇక మా బండి సంగతి. 2005లో కొన్నది, 150 సీసీ. మా అమ్మాయి పుట్టిన సంవత్సరమే కొన్నాను కనుక ఇద్దరికీ ఒకటే వయసు. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, వెనక మామూలు డ్రమ్ము. రెండు మూడుసార్లు అమ్మేద్దామనుకున్నాం గాని, అమ్మాయి ఒప్పుకోలేదు. తను కోయంబత్తూరులో ఇంజనీరింగు చదువుతోంది. ఆ వారాంతం సెలవుకు వచ్చి, “నాన్నా, బండి మీద కొల్లిమల పోదాం” అంది. వాళ్లమ్మ వద్దంటూనే పులిహోర కట్టి ఇచ్చింది.

తెల్లవారుజామున బయల్దేరాం. ఒకప్పుడు నెయ్యికి పేరుపడ్డ రాశిపురం దాటి, కర్రపెండలం చేలు, కొబ్బరితోటల మధ్యగా కారవల్లి చేరేసరికి ఎండ పొడుస్తోంది. అక్కడ టీ తాగి ఘాటు ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి మలుపు దగ్గర మా అమ్మాయి, “ఒకటి!” అని గట్టిగా అరిచింది. డెబ్బై దాకా తెలుగులోనే లెక్కపెడతానని పందెం. మన పిల్లల సంగతి మీకు తెలియంది కాదు. బడిలో ఇంగ్లీషు అంకెలు, బజారులో తమిళ అంకెలు. ఇరవై దాకా గుక్క తిప్పకుండా చెప్పింది. ఇరవై తొమ్మిది దగ్గర ఒకసారి తడబడింది. యాభై తొమ్మిదికి “ఐంబత్తొం...” అని మొదలుపెట్టి తనే నవ్వేసింది. “యాభై తొమ్మిది” అని నేను అందించాను. మలుపు మలుపుకూ గాలి చల్లబడుతోంది, కింద చేలు చాపలు పరిచినట్టు కనబడుతున్నాయి.

ఆ సంబరంలో ఒక చప్పుడు నేను విననట్టు ఊరుకున్నాను. ముందు బ్రేకు పట్టినప్పుడల్లా చక్రం దగ్గర సన్నగా కీచుమంటోంది. అది ఆనాటిది కాదు, నెలరోజుల నుంచీ ఉంది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్దగా పని ఉండదు కనుక దాన్ని పట్టించుకోలేదు.

సెమ్మేడు దాటి గుడికి వెళ్లాం. దర్శనం చేసుకుని ఆకాశగంగ జలపాతానికి దిగాం. దాదాపు వెయ్యి మెట్లు. దిగడం ఆటగా ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్లు మొరపెట్టుకుంటాయి. ఘాట్ రోడ్డు లెక్క దీనికి తిరగబడి ఉంటుందని మధ్యాహ్నం తెలిసింది. అక్కడ ఎక్కడానికి ఇంజను చాలు. దిగడానికి బ్రేకు కావాలి.

తిరిగి వస్తూ ఒక పల్లం దిగుతుంటే, మలుపు అవతల నుంచి బస్సు ఎదురొచ్చింది. ముందు బ్రేకు గట్టిగా పట్టాను. ఇనుము ఇనుమును గీరిన చప్పుడు. లివరు ఎప్పుడూ రానంత లోపలికి, హ్యాండిలు దాకా వచ్చింది. వెనక బ్రేకు కూడా తొక్కి, ఎలాగో కల్వర్టు గోడకు జానెడు దూరంలో ఆపాను. అమ్మాయి హెల్మెట్టు వచ్చి నా హెల్మెట్టుకు కొట్టుకుంది. బస్సు వెళ్లిపోయింది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరవాత తనే మెల్లగా అంది: “నాన్నా, దిగడానికి ఇంకా డెబ్బై ఉన్నాయి.”

మొదటి గేరులో నెమ్మదిగా సెమ్మేడు చేరి ఒక రేకుల షెడ్డు ముందు ఆగాం. లోపల డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దాయన పంక్చరు వేస్తున్నాడు. నేను తమిళంలో సంగతి చెబుతున్నాను. పక్కన మా అమ్మాయి, “నాన్నా, ఆయిలు కూడా చూడమను” అంది. పెద్దాయన తలెత్తి, “యా ఊరు మీది?” అన్నాడు తెలుగులో!

వాళ్ల పెద్దలు ఎప్పుడు ఈ వైపు వచ్చారో ఆయనకు తెలియదు. ఇంట్లో మాట తెలుగు, బయట తమిళం. వయసులో ఉన్నప్పుడు నామక్కల్‌లో లారీ బాడీలు కట్టే పట్టెడలో పని నేర్చాడట. తరవాత తిరుచెంగోడు బోరు బండి మీద అనంతపురం, కర్నూలు వైపు కొన్నేళ్లు తిరిగాడట. “ఆడికి పోతే అరవోడు అనిరి, ఈడికొస్తే గొల్టీ అనిరి” అని నవ్వాడు. మనందరం ఎప్పుడో ఒకప్పుడు నవ్విన నవ్వే అది.

ఆయన ఒక టార్చిలైటు తెచ్చి డిస్కు పక్కన కూర్చుని అమ్మాయిని పిలిచాడు. “చూడు పాపా. ఇనుప రేకు మీద నల్లదిమ్మె ఉండాల. ఉండాదా?” లోపలి వైపు ప్యాడుకు దిమ్మె లేదు. ఉత్త రేకే డిస్కును రాస్తోంది. బయటి ప్యాడుకు ఇంకా కొంచెం మిగిలింది.

బ్రేకు ప్యాడు అంటే ఉక్కు రేకుకు అతికించిన రాపిడి దిమ్మె, అంతే. మనం లివరు నొక్కితే ఆయిలు తోపుకు పిస్టను ముందుకొచ్చి, రెండు ప్యాడ్ల మధ్య డిస్కును బిగించి పడుతుంది. కొత్తప్పుడు దిమ్మె నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఒక మిల్లీమీటరు దగ్గరకు వస్తే ఇక వాడరాదు. బండి ఆపేటప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది కనుక, ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. అంత పని చేసేది అరచేతిలో పట్టే రెండు బిళ్లలని నేను ఏనాడూ ఆలోచించలేదు.

“ఈమధ్య ఆయిలు ఏమన్నా పోస్తిరా?” అని అడిగాడు. పోయించాను. రెండు నెలల కిందట హ్యాండిలు మీది డబ్బాలో ఆయిలు తగ్గితే, మా వీధి మెకానిక్కు చేత నిండా పోయించి, పని అయిపోయిందనుకున్నాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. “ఆయిలు ఆవిరై పొయ్యేది కాదు సామీ. ప్యాడు అరిగేకొద్దీ పిస్టను బయటికొస్తాది. దాని వెనకాల చోటులోకి ఆయిలు దిగుతాది. ఆయిలు తగ్గె అంటే, ఒకటి కారిపోతా ఉండాల, లేదా ప్యాడు అరిగి ఉండాల. బండి మీకు చెప్పె. మీరు దాని నోట్లో ఆయిలు పోసి ఊరుకోబెడితిరి.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తప్పు బండిది కాదు, మెకానిక్కుదీ కాదు. కీచుమన్నప్పుడు ఒకసారి, ఆయిలు తగ్గినప్పుడు ఒకసారి, రెండుసార్లు బండి చెప్పింది. నాకే తీరిక లేకపోయింది.

ప్యాడ్లు ఆయన దగ్గర లేవు. పాత మోడలు కదా! నేను కొంచెం తొందరపడి, “మొదటి గేరులో, వెనక బ్రేకుతో నెమ్మదిగా దిగిపోతే?” అన్నాను. ఆయన కోప్పడలేదు. “మీరొక్కరే అయితే మీ ఇష్టం. పాపను బస్సెక్కించేసి మీరు దిగండి” అన్నాడు. అంతే! ఇక ఆ ఊసు ఎత్తలేదు. నా ప్రాణానికి ఒక లెక్క, బిడ్డ ప్రాణానికి ఒక లెక్క వేసుకుంటున్నానని ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు.

అమ్మాయి పాత ప్యాడు ఫొటో తీసి, ఆయన చెప్పిన నామక్కల్ దుకాణానికి ఫోనులో పంపింది. దుకాణంవాళ్లు సాయంత్రం బస్సు కండక్టరు చేతికి పొట్లం ఇచ్చి పంపారు. ధర మూడువందల చిల్లర. పొట్లం వచ్చేసరికి చీకటి పడింది. చీకట్లో ఆ పని చెయ్యనన్నాడు పెద్దాయన. ఆ రాత్రి సెమ్మేడులో ఒక చిన్న లాడ్జిలో దుప్పట్లు కప్పుకుని ఉన్నాం. ఇంటికి ఫోను చేసి, “చలి బాగుంది, ఉండిపోయాం” అన్నాను. అసలు సంగతి మా ఆవిడకు ఇంటికి వచ్చాకే చెప్పాను. మిగతాది మీరు ఊహించుకోగలరు.

ఆదివారం పొద్దున్న షెడ్డుకు వెళ్లాం. “నేను చేస్తా తాతా, మీరు చెప్పండి” అంది మా అమ్మాయి. ఆయన స్పానరు తన చేతికిచ్చి, స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బండిని సెంటర్ స్టాండు వేశారు. క్యాలిపర్ ఇంకా బిగించి ఉండగానే ప్యాడ్లను పట్టి ఉంచే పిన్నులు ఆలెన్ కీతో కొంచెం వదులు చేయించాడు. ఊడదీశాక అయితే పట్టు దొరకదట. తరవాత క్యాలిపర్ బోల్టులు రెండూ విప్పి, దాన్ని డిస్కు మీద నుంచి మెల్లగా తప్పించారు. దాని బరువు రబ్బరు గొట్టం మీద పడకుండా తాడుతో ఫోర్కుకు కట్టించాడు. “ఇప్పుడు లివరు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే పిస్టను ఊడి బయటికొస్తాది” అని నా వైపు చూసి మరీ చెప్పాడు.

పిన్నులు తీసి పాత ప్యాడ్లు బయటికి లాగింది. లోపల మసి. నేను వంగి ఊదబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు. ఆ ధూళి పీల్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. సబ్బు నీళ్లు, పాత పళ్ల బ్రష్షుతో పిస్టను అంచులు శుభ్రం చేయించాడు. మట్టితోనే లోపలికి నెడితే సీలు పాడవుతుంది.

ఒక ప్యాడే ఎక్కువ ఎందుకు అరిగిందో అప్పుడు తెలిసింది. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు జారుడు పిన్నులుంటాయి. అందులో ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అందుచేత భారమంతా ఒక ప్యాడు మీదే పడింది. ఆ పిన్ను తుడిచి, వేడికి కరగని గ్రీజు కొంచెం పూసి, వేలితో నెడితే జారేటట్టు చేశారు. ఈ పని చెయ్యకుండా కొత్త ప్యాడ్లు వేసి ఉంటే అవీ అలాగే అరిగేవి.

డిస్కు మీద సన్నగీతలు పడ్డాయి గాని, గోరు తట్టుకునేంత లోతు లేవు. డిస్కుకు ఉండవలసిన కనీసపు మందం దాని మీదే చెక్కి ఉంటుంది. కొలిచి చూసి, ఇంకా పనికొస్తుందన్నాడు.

తరవాత పిస్టను వెనక్కి నెట్టాలి. నెడితే ఆయిలు పైకి లేస్తుంది. నేను నిండా పోయించాను కదా, పొంగిపోతుంది. బ్రేకు ఆయిలు పడితే రంగు తినేస్తుంది. అందుకని డబ్బా చుట్టూ గుడ్డ కట్టి, మూత తీసి, సిరంజితో కొంత ఆయిలు తోడేశాడు. పాత ప్యాడును పిస్టనుకు ఆనించి, అమ్మాయి రెండు బొటనవేళ్లతో నిదానంగా నెట్టింది. అంగుళం కూడా లేని ఆ ప్రయాణానికి తనకు చెమట పట్టింది.

చేతులు సబ్బుతో కడుక్కోమన్నాడు. కొత్త దిమ్మె మీద గ్రీజు మరక పడితే ప్యాడు పట్టదు. కొత్త ప్యాడ్లు, వాటి వెనక స్ప్రింగు రేకు సరిగ్గా కూర్చోబెట్టి, పిన్నులు దూర్చి, క్యాలిపర్‌ను డిస్కు మీదికి దించారు. బోల్టులు, ఆపైన పిన్నులు బిగించారు. అన్నిటినీ ఆయన మళ్లీ ఒకసారి స్వయంగా పట్టి చూశాడు. డబ్బాలో ఆయిలు గీతల మధ్య ఉందని చూసి మూత బిగించాడు.

అమ్మాయి సంతోషంగా బండెక్కి తాళంచెవి కోసం చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. “ముందు బ్రేకు పట్టు” అన్నాడు. పట్టింది. లివరు ఏ అడ్డూ లేకుండా హ్యాండిలుకు వెళ్లి తగిలింది. తన ముఖం పాలిపోయింది. “మళ్లా పట్టు.” రెండోసారి, మూడోసారి అదే. అయిదో ఆరోసారికి లివరు గట్టిపడి మధ్యలో నిలిచింది. వెనక్కి నెట్టిన పిస్టను తిరిగి వచ్చి ప్యాడును డిస్కుకు ఆనించేదాకా బ్రేకు ఉండదు. “అన్నీ బాగా చేసి, ఇది మరిచి బండి తీసినోళ్లు ఉండారు” అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వెంటనే ఘాటు దిగనివ్వలేదు. కొత్త ప్యాడు డిస్కుకు ఒదగాలి. సెమ్మేడు, సోలక్కాడు మధ్య చదునైన చోట్ల వేగం తగ్గిస్తూ పెంచుతూ, గట్టిగా పట్టకుండా, మధ్య మధ్య చల్లారనిస్తూ నాలుగైదుసార్లు తిరిగి రమ్మన్నాడు. పూర్తి పట్టు రావడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుందనీ, అందాకా ముందు బండికి ఎక్కువ దూరం ఇవ్వమనీ చెప్పాడు. ఘాటులో రెండో గేరు దాటవద్దన్నాడు. బండిని ఇంజనే పట్టి ఉంచాలి. బ్రేకును అదేపనిగా పట్టుకుని ఉంటే వేడెక్కి, లోపలి ఆయిలు మరుగుతుంది. ఆవిరి నలుగుతుంది గాని పిస్టనును తొయ్యదు. తరవాత చదివి తెలుసుకున్నాను: డాట్ 4 రకం ఆయిలు కొత్తదయితే 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. రెండేళ్లకొకసారి పూర్తిగా మార్చమనేది అందుకే. మా బండికి ఎప్పుడు మార్చామో గుర్తే లేదు. సేలం చేరిన వారంలోనే ఆ పనీ చేయించాను.

కూలి ఎంత అని అడిగితే, “పని పాప చేసె, నాకెందుకు?” అన్నాడు. బలవంతాన చేతిలో పెడితే వంద ఉంచుకుని మిగతాది తిరిగి ఇచ్చేశాడు. మా అమ్మాయి సంచిలోంచి మన పత్రిక పాత సంచిక తీసి ఇవ్వబోయింది. ఆయన ముఖచిత్రం చేత్తో తడిమి చూసి, “మాట వస్తాది, రాత రాదు పాపా. మా ఇంట్లో ఎవురికీ రాదు” అని మళ్లీ తన చేతిలోనే పెట్టాడు.

పదకొండింటికి సోలక్కాడు నుంచి దిగడం మొదలుపెట్టాం. రెండో గేరు, రెండు బ్రేకులూ కలిపి, మలుపుకు ముందే వేగం తగ్గించి. అమ్మాయి ఈసారి వెనక్కి లెక్కపెట్టింది. డెబ్బై, అరవై తొమ్మిది, అరవై ఎనిమిది... సగం దారిలో ఆగి డిస్కు చల్లారేదాకా పులిహోర డబ్బాలో మిగిలిన వేరుశనగలు తిన్నాం. యాభై తొమ్మిది దగ్గర నేను అందించవలసిన పని పడలేదు. కారవల్లిలో “ఒకటి!” అన్నప్పుడు నా భుజం మీది తన చెయ్యి పట్టు వదిలింది. అంతసేపూ అంత గట్టిగా పట్టుకుని ఉందని అప్పటిదాకా నాకు తెలియలేదు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం టార్చిలైటు వేసి ప్యాడ్ల మందం చూస్తాను. రెండు నిమిషాల పని. అమ్మాయి హాస్టలు నుంచి ఫోను చేసి, “చూశావా నాన్నా?” అని అడుగుతుంది. మీ ఇళ్లలోనూ పాత బండ్లు ఉంటాయి, వాటి మీద పిల్లలు తిరుగుతూ ఉంటారు. ఈ సంచిక చదవడం అయ్యాక ఒకసారి లేచి వెళ్లి చూడండి. ఆయిలు తగ్గితే పోసే ముందు ఎందుకు తగ్గిందో అడగండి.

పెద్దాయన ఫోను నంబరు మా అమ్మాయి దగ్గర ఉంది. ఈ వ్యాసం అచ్చయ్యాక ఫోనులో ఆయనకు మొదటి నుంచి చివరిదాకా తనే చదివి వినిపిస్తానంది. అంకెలన్నీ తెలుగులోనే.